ప్రపంచ స్కౌట్ జాంబోరీ: పది పన్నెండు రోజుల ఊరు, ఆరేళ్ల ముందే తేలే ఫలితం

క్లుప్తంగా

నాలుగేళ్లకోసారి జరిగే ప్రపంచ స్కౌట్ జాంబోరీలో వందకు పైగా దేశాల పిల్లలు ఒకే మైదానంలో గుడారాలు వేసుకుని ఉంటారు. 2023లో దక్షిణ కొరియాలో జరిగిన జాంబోరీ ఎండకు, ఆ వెనకే వచ్చిన తుపానుకు మధ్యలోనే చెదిరిపోయింది. తప్పు వాతావరణానిదా, నిర్వాహకులదా అన్న ప్రశ్న ఇంకా నలుగుతూనే ఉంది. పాత జాంబోరీలను తిరగేస్తే వరదలు, తుపాన్లు ఈ క్యాంపులకు కొత్తేమీ కాదని తెలుస్తుంది. తేడా వస్తున్నది స్థలం ఎంపికలో, ముందస్తు రిహార్సల్‌లో, చివరి మాట ఎవరిదన్న దానిలో. తర్వాతి జాంబోరీ 2027లో పోలండ్‌లోని గ్డాన్స్క్‌లో.

ఏది జాంబోరీ, ఏది కాదు

స్కౌట్ల అంతర్జాతీయ సమావేశం అనగానే అన్నింటినీ జాంబోరీ అనేయడం మామూలైపోయింది. నిజానికి ఇవి రకరకాలు. ప్రపంచ స్కౌట్ జాంబోరీ 14 నుంచి 17 ఏళ్ల పిల్లల కోసం. 18 నుంచి 25 ఏళ్ల యువతకు ‘మూట్’ అనే సమావేశం వేరుగా ఉంది. మొదటిది 1931లో స్విట్జర్లాండ్‌లోని కాండర్‌స్టెగ్‌లో జరిగింది, ఈమధ్యది 2025లో పోర్చుగల్‌లో. ఇవి కాక ఖండాల వారీగా, దేశాల వారీగా జరిగే జాంబోరీలు బోలెడు. ఎక్కడికీ వెళ్లలేని వాళ్ల కోసం 1958 నుంచి హ్యామ్ రేడియో మీద ‘జాంబోరీ ఆన్ ది ఎయిర్’ నడుస్తోంది. తర్వాత ఇంటర్నెట్ కూడా తోడైంది. ఏటా అక్టోబరులో ఒక వారాంతం ఇందుకు కేటాయిస్తారు. సంఖ్య పరంగా చూస్తే మైదానంలో కలిసేవాళ్ల కంటే ఇలా కలిసేవాళ్లే ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా వార్తల్లోకి ఎక్కేది మైదానమే.

ప్రపంచ జాంబోరీ బాధ్యత ప్రపంచ స్కౌట్ ఉద్యమ సంస్థది. 170కి పైగా జాతీయ సంఘాలు అందులో సభ్యులు, మొత్తం స్కౌట్లు 5 కోట్ల పైమాటే. గైడ్స్‌కు విడిగా మరో ప్రపంచ సంఘం ఉంది. అయితే చాలా దేశాల స్కౌట్ సంఘాల్లో ఇప్పుడు అమ్మాయిలూ ఉన్నారు కాబట్టి, జాంబోరీ అంటే అబ్బాయిల క్యాంప్ అనుకుంటే పొరపాటే.

ఒక్కొక్కరికి ఒక్కటే ఛాన్స్

ఈ వ్యవస్థలో అన్నిటికన్నా కీలకమైన సంగతి వయసు నిబంధన. జాంబోరీ మొదలయ్యే నాటికి 14 నిండి ఉండాలి, 18 నిండకూడదు. అంటే నాలుగేళ్ల కిటికీ. జాంబోరీ కూడా నాలుగేళ్లకోసారే. కాబట్టి ఎవరికైనా స్కౌట్‌గా పాల్గొనే అవకాశం ఒక్కసారే వస్తుంది. 18 దాటాక వెళ్లాలంటే అంతర్జాతీయ సర్వీస్ టీమ్‌లో వాలంటీరుగానో, యూనిట్ లీడరుగానో వెళ్లాలి. అది క్యాంప్‌ను అనుభవించడం కాదు, నడపడం.

ఒక్క జాంబోరీ రద్దయితే ఏమవుతుందో ఈ లెక్క చెబుతుంది. 1941లో ఫ్రాన్స్‌లో జరగాల్సినది రెండో ప్రపంచ యుద్ధం వల్ల ఆగిపోయింది. 1937లో నెదర్లాండ్స్ జాంబోరీ తర్వాత మళ్లీ 1947లో ఫ్రాన్స్‌లోని మొయిసాన్‌లోనే పిల్లలు కలుసుకున్నారు. 1979లో ఇరాన్‌లోని నిషాపూర్‌లో జరగాల్సిన జాంబోరీ అక్కడి విప్లవం కారణంగా రద్దయింది. దాని బదులు ‘ప్రపంచ జాంబోరీ సంవత్సరం’ పేరుతో చాలా దేశాల్లో వేర్వేరు క్యాంపులు పెట్టారు. 1975లో నార్వే, తర్వాత 1983లో కెనడా. మధ్యలో ఆ వయసులో ఉన్న తరం మొత్తానికి ప్రపంచ జాంబోరీ అన్నదే లేకుండా పోయింది.

డబ్బు సంగతీ దీనికి ముడిపడే ఉంది. దేశాలను తలసరి ఆదాయాన్ని బట్టి వర్గాలుగా విభజించి, ధనిక దేశాల పిల్లల నుంచి ఎక్కువ ఫీజు, పేద దేశాల పిల్లల నుంచి తక్కువ ఫీజు తీసుకుంటారు. అయితే విమానం టికెట్లు, సామాన్లు, జాంబోరీకి ముందూ వెనకా బస, ఇవన్నీ కలిస్తే ఫీజు చిన్నదే అనిపిస్తుంది. 2023లో బ్రిటన్ నుంచి వెళ్లిన ఒక్కో స్కౌట్‌కు దాదాపు 3,500 పౌండ్లు అయింది. చాలామంది కేకులు అమ్మి, కార్లు కడిగి, విరాళాలు అడిగి ఏడాది పైనే కూడబెట్టిన డబ్బు అది. క్యాంప్ మధ్యలో వెనక్కి తీసుకెళ్తామంటే పిల్లలు ఎందుకు ఏడుస్తారో, కంటింజెంట్ (ఒక దేశం నుంచి వచ్చిన మొత్తం బృందం) నాయకులు ఆ నిర్ణయానికి ఎందుకు అంత వెనకాడతారో ఇక్కడే అర్థమవుతుంది.

మైదానంలో ఊరు ఎలా లేస్తుంది

జాంబోరీ అంటే ఉత్సవం కంటే ఎక్కువగా తాత్కాలికంగా లేచే ఒక ఊరు. 40 వేల మందికి నీళ్లు, మరుగుదొడ్లు, తిండి, కరెంటు, ఆసుపత్రి, దారులు, చెత్త ఎత్తివేత అన్నీ ఖాళీ నేల మీద అమర్చాలి, పది పన్నెండు రోజులు కాగానే విప్పేయాలి.

ఈ ఊరికి పునాది ప్యాట్రోల్. తొమ్మిది మంది పిల్లలు ఒక ప్యాట్రోల్. నాలుగు ప్యాట్రోల్‌లు, నలుగురు పెద్దవాళ్లు కలిసి 40 మంది యూనిట్. కొన్ని పదుల యూనిట్లు కలిస్తే ఒక సబ్‌క్యాంప్. సబ్‌క్యాంప్‌లో ఒక దేశం యూనిట్లన్నీ ఒకచోట ఉండవు, కావాలనే కలగలిపి వేస్తారు. పొద్దున్నే యూనిట్ నుంచి ఇద్దరు ముగ్గురు వెళ్లి ఆ రోజు సరుకులు తెచ్చుకుంటారు. ప్యాట్రోల్ వంతులవారీగా స్టవ్ వెలిగిస్తుంది. పక్క గుడారంలో ఉన్నది ఏ దేశం వాళ్లో, వాళ్ల గిన్నెలో ఏముందో చూడటం దగ్గరే సగం స్నేహాలు మొదలవుతాయి. సాయంత్రం అయ్యేసరికి దారుల పక్కన దుప్పట్లు పరిచి బ్యాడ్జీలు, స్కార్ఫులు మార్చుకునే బేరాలు. కార్యక్రమాల పట్టికలో ఈ బేరాలు ఉండవు గానీ, ఏళ్ల తర్వాత వెళ్లొచ్చిన వాళ్లు చెప్పుకునేవి ఎక్కువగా ఇవే.

పిల్లలు తమ పనులు తామే చేసుకోవడం ఇందులో బోధన పద్ధతి. ఖర్చు తగ్గేదీ అందువల్లే. మరుగుదొడ్ల దగ్గర నుంచి వినోద వేదిక దాకా పని చేసే వేల మంది సర్వీస్ టీమ్ సభ్యులకు జీతం ఉండదు సరికదా, వాళ్లే ఫీజు కట్టి వస్తారు. స్వచ్ఛంద శ్రమ మీద నడిచే ఈ పద్ధతికి ఒక హద్దుంది. స్టవ్ వెలిగించడం, దారి చూపడం, గుడారం నిలబెట్టడం వాలంటీర్లు చేయగలరు. నేల కింద మురుగు కాలువ వేయలేరు. అది ముందే అక్కడ ఉండాలి.

వరదలూ బురదా మొదటి నుంచీ ఉన్నవే

స్కౌటింగ్ పుట్టింది 1907లో, ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ ద్వీపంలో రాబర్ట్ బేడెన్-పావెల్ నడిపిన చిన్న ప్రయోగాత్మక క్యాంపుతో. మొదటి ప్రపంచ జాంబోరీ 1920లో లండన్‌లోని ఒలింపియా హాల్లో జరిగింది. 34 దేశాల నుంచి 8 వేల మంది వచ్చారు. అద్దాల పైకప్పు కింద, గుడారాలు పాతడానికి నేల మీద మట్టి పోయించారు. అందరూ హాల్లో పట్టరు కాబట్టి దాదాపు 5 వేల మందిని రిచ్‌మండ్‌లోని ఓల్డ్ డీర్ పార్కులో ఉంచారు. ఒక రాత్రి థేమ్స్ నది పొంగి ఆ క్యాంప్‌లోకి నీళ్లొచ్చాయి, పిల్లల్ని ఖాళీ చేయించాల్సి వచ్చింది. అంటే మొట్టమొదటి జాంబోరీలోనే తరలింపు జరిగింది. 2023ను ‘కనీవినీ ఎరగనిది’ అన్నవాళ్లు ఈ సంగతి మరిచారు.

1929లో ఇంగ్లండ్‌లోని ఆరో పార్క్ జాంబోరీ బురదకే పేరుపడింది. 1971లో జపాన్‌లో ఫుజి పర్వతం దిగువన అసాగిరి పీఠభూమి మీద జరిగిన జాంబోరీకి తుపాను తగిలింది. దాదాపు 16 వేల మందిని రెండు రోజుల పాటు వేరే చోట్లకు తరలించారు. తుపాను వెళ్లాక పిల్లలు తిరిగొచ్చి క్యాంప్ పూర్తి చేశారు. 2023లో అలా తిరిగి రాలేదు. ఆ తేడా ఎందుకన్నదే చూడాలి.

సేమాన్‌గుమ్‌లో ఏం జరిగింది

25వ ప్రపంచ జాంబోరీ 2023 ఆగస్టు 1న దక్షిణ కొరియా పశ్చిమ తీరంలోని సేమాన్‌గుమ్‌లో మొదలైంది. 150కి పైగా దేశాల నుంచి దాదాపు 43 వేల మంది. అంతకుముందు జులైలో కురిసిన భారీ వానలకు మైదానం నీళ్లు పట్టి ఉంది. గుడారాల కింద తడి తగలకుండా ప్లాస్టిక్ ప్యాలెట్లు పంచారు. వాన ఆగీ ఆగగానే ఎండ మొదలైంది. ఉష్ణోగ్రత 35 డిగ్రీల ప్రాంతంలో, కింద చెమ్మ, నీడకు ఒక్క పెద్ద చెట్టు లేదు. ఆగస్టు 2 రాత్రి ప్రారంభోత్సవంలోనే వంద మందికి పైగా అస్వస్థులయ్యారు.

మూడో రోజుకే ఫిర్యాదులు ఎండను దాటి వేరే వైపు తిరిగాయి. మరుగుదొడ్లు శుభ్రంగా లేవు, నీడ చాలదు, తిండి సరిపోదు, వైద్యం అందట్లేదు. 4 వేల మందికి పైగా ఉన్న బ్రిటన్ కంటింజెంట్, అన్నిటికన్నా పెద్దది అదే, ఆగస్టు 4న వెళ్లిపోతున్నట్టు ప్రకటించింది. అమెరికా, సింగపూర్ అదే దారి పట్టాయి. అప్పటికి గానీ కేంద్ర ప్రభుత్వం నేరుగా రంగంలోకి దిగలేదు. ఏసీ బస్సులు, చల్లని నీళ్లు, అదనపు శుభ్రత సిబ్బంది వచ్చారు. పరిస్థితి కాస్త కుదుటపడుతుందనగా ఖానూన్ తుపాను దారి మళ్లి కొరియా వైపు వచ్చింది. ఆగస్టు 8న వెయ్యికి పైగా బస్సుల్లో మిగిలిన దాదాపు 37 వేల మందిని సోల్‌కూ ఇతర ప్రాంతాలకూ తరలించారు. 11న సోల్ వరల్డ్ కప్ స్టేడియంలో ముగింపు, కె-పాప్ కచేరీ. తరలింపు మాత్రం చక్కగా జరిగిందనే చెప్పాలి. వారం ముందు మరుగుదొడ్లు కడిగించలేకపోయిన వ్యవస్థే ఒక్క రోజులో అంతమందిని కదిలించగలిగింది. అంటే దేశానికి సామర్థ్యం లేక కాదు, ఆ సామర్థ్యం క్యాంప్‌కు అందలేదు.

ఒకే రకం నేల, మూడు ఫలితాలు

సముద్రాన్ని పూడ్చిన నేల మీద క్యాంప్ పెట్టడమే తప్పు అన్న మాట బాగా వినిపించింది. పోలిక పెట్టి చూస్తే ఈ వాదన సగమే నిలుస్తుంది.

1995 జాంబోరీ నెదర్లాండ్స్‌లోని ద్రోంటెన్‌లో జరిగింది. అదీ నీళ్లు తోడి తీసిన నేలే. కానీ 1950ల్లో బయటపడ్డ ఆ నేల, జాంబోరీ నాటికి దశాబ్దాలుగా పొలాలు, ఊళ్లు, చెట్లు, కాలువలతో స్థిరపడి ఉంది. 2015లో జపాన్‌లోని యమగుచి ప్రాంతంలో కిరారాహమా మీద జరిగిన జాంబోరీ మరింత దగ్గరి పోలిక. అదీ పూడ్చిన తీరమే, అప్పుడూ మండే ఎండలే. అయితే 2001లోనే అక్కడ ఒక పెద్ద ప్రదర్శన జరిగింది కాబట్టి దారులు, నీటి ఏర్పాట్లు అప్పటికే ఉన్నాయి. పైగా 2013లో జపాన్ తన జాతీయ జాంబోరీని అదే చోట నడిపింది. ఎండ ఎలా ఉంటుందో, నీళ్లు ఎక్కడ నిలుస్తాయో రెండేళ్ల ముందే చూసుకుంది.

సేమాన్‌గుమ్‌లో ఈ రెండూ లేవు. 33 కిలోమీటర్ల సముద్ర గోడ కట్టి వెనకున్న బురద నేలను దశలవారీగా పూడ్చే భారీ ప్రాజెక్టు అది. 2017లో జాంబోరీ అక్కడికి ఖరారయ్యే నాటికి క్యాంప్ స్థలం ఇంకా పూడ్చనే లేదు. పూడిక పని 2020లో మొదలై 2022 చివరికి ముగిసింది. అదీ వ్యవసాయ భూమి లెక్కలో పూడ్చారు. వరి పొలానికి నేల చదునుగా, నీళ్లు నిలిచేలా ఉండాలి. గుడారానికి కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం. చెట్లు నాటినా ఎదిగే టైమ్ లేదు. 2022 ఆగస్టులో జరగాల్సిన ప్రీ-జాంబోరీ, అంటే చిన్న స్థాయి రిహార్సల్, కోవిడ్ కారణం చెప్పి రద్దు చేశారు. నేల సిద్ధంగా లేకపోవడమూ ఒక కారణమేనన్న విమర్శ అప్పుడే ఉంది. ఏమైతేనేం, మురుగునీటి లోపాలు బయటపడాల్సిన చోట బయటపడలేదు. అవి 43 వేల మంది మధ్య బయటపడ్డాయి.

ఓటు ఒకరిది, నేల ఇంకొకరిది

జాంబోరీ ఎక్కడన్నది ప్రపంచ స్కౌట్ కాన్ఫరెన్స్ తేలుస్తుంది. మూడేళ్లకోసారి కూడే ఈ సభలో ప్రతి జాతీయ సంఘానికీ ఆరు ఓట్లు, దేశం పెద్దదైనా చిన్నదైనా. 2017లో బాకూలో జరిగిన సభలో కొరియాకు 607, పోలండ్‌కు 365 ఓట్లు పడ్డాయి. ఈ పద్ధతి సమానత్వానికి మంచిది. కానీ ఓటు వేసేవాళ్ల ముందు ఉండేది ఒక ప్రతిపాదన, కొన్ని వీడియోలు, ఆ దేశ ప్రభుత్వం ఇచ్చే హామీ. నేలను తవ్వి చూసే పని వాళ్లది కాదు.

ఆ ముందు మెట్టు ఇంకా ముఖ్యం. దేశం లోపల స్థలాన్ని ఎంచుకునేటప్పుడు ప్రాంతీయ ప్రభుత్వాల లెక్కలు వేరుగా ఉంటాయి. జాంబోరీ వస్తే రోడ్లు వస్తాయి, విమానాశ్రయం వస్తుంది, ఎప్పటి నుంచో నత్తనడక నడుస్తున్న ప్రాజెక్టు ముందుకు కదులుతుంది. కొరియాలో పోటీకి నిలిచిన మరో స్థలం గోసాంగ్, 1991లో ప్రపంచ జాంబోరీని ఒకసారి నడిపించిన చోటు. దాన్ని పక్కన పెట్టి ఇంకా పుట్టని నేలను ఎంచుకున్నారు. క్యాంప్ కోసం స్థలం కాక, స్థలం కోసం క్యాంప్ అయిందన్న విమర్శకు మూలం ఇదే.

ఇక నిర్వహణ. నిర్వహణ సంఘానికి చివరికి ఐదుగురు సహాధ్యక్షులు తేలారు, వారిలో ముగ్గురు మంత్రులు. అధికారికంగా ముందున్నది లింగ సమానత్వ, కుటుంబ వ్యవహారాల శాఖ. ఇంత పెద్ద క్యాంప్ కట్టడంలో దానికి అనుభవం లేదు. స్థలం పనులు ప్రాంతీయ ప్రభుత్వానివి, కార్యక్రమాలు స్కౌట్ సంఘానివి. మొత్తం బడ్జెట్ సుమారు 11,700 కోట్ల వాన్‌లైతే, అందులో సింహభాగం నేల మీది సదుపాయాలకు కాక నిర్వహణ సంఘం ఖర్చులకే పోయిందని తేలి పెద్ద దుమారం రేగింది. 2025లో వచ్చిన కొరియా ఆడిట్ నివేదిక కూడా నిర్వహణ సంఘం, మంత్రిత్వ శాఖ, ప్రాంతీయ ప్రభుత్వం ఏ ఒక్కదాన్నీ వదల్లేదు. ఐదుగురు అధ్యక్షులున్న చోట మరుగుదొడ్లు కడగడం ఎవరి పనో తేలకపోవడం వింతేమీ కాదు.

2019లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో జరిగిన జాంబోరీ దీనికి అవతలి కొస. కెనడా, మెక్సికోలతో కలిసి ఆతిథ్యమిచ్చినా, స్థలం అమెరికా స్కౌట్ సంఘం సొంతం. 2013 నుంచి జాతీయ జాంబోరీలు అక్కడే జరుగుతున్నాయి, పైపులు నేలలోనే ఉన్నాయి. దాదాపు 45 వేల మంది వచ్చారు, పెద్దగా వార్తల్లోకి ఎక్కలేదు. అయితే ఇలాంటి సొంత స్థలం కట్టుకోగల సంఘాలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టే అన్ని కూడా లేవు. అదే షరతు పెడితే జాంబోరీ రెండు మూడు ధనిక దేశాల మధ్యే తిరుగుతుంది.

సెలవులు ఎప్పుడైతే అప్పుడే క్యాంప్

జాంబోరీ ఎక్కువగా జులై చివర, ఆగస్టు మొదట్లో పడుతుంది. యూరప్, ఉత్తర అమెరికా బడుల వేసవి సెలవులు అప్పుడే. పెద్ద కంటింజెంట్లు ఆ దేశాలవే కావడంతో, పూర్తి ఫీజు కట్టేదీ వాళ్లే కావడంతో, తేదీ అటే మొగ్గుతుంది. నార్వేకో స్వీడన్‌కో అది హాయిగా ఉండే కాలం. తూర్పు ఆసియాకు అదే ఉక్కపోత, తుపాన్ల కాలం. 1971, 2015, 2023 మూడింటికీ తగిలిన దెబ్బ ఒకే క్యాలెండర్‌ది.

మార్చడం అసాధ్యమేమీ కాదు. థాయ్‌లాండ్ 2002 డిసెంబరు చివర మొదలుపెట్టి 2003 జనవరిలో ముగించింది. ఆస్ట్రేలియా, చిలీ కూడా డిసెంబరు-జనవరిలోనే నడిపాయి. కాకపోతే అప్పుడు ఉత్తర దేశాల పిల్లలు క్రిస్మస్ ఇంట్లో గడపడాన్ని వదులుకోవాలి, బడి రోజులు కొన్ని పోతాయి, వచ్చేవాళ్లు తగ్గుతారు, ఆదాయమూ తగ్గుతుంది. వేసవులు మరింత వేడెక్కుతున్న కొద్దీ ఈ బేరం ఏటికేడు కష్టమవుతుంది. 14 ఏళ్ల పిల్లలు గుడారాల్లో పడుకునే క్యాంప్‌కు, హోటళ్లలో దిగే పెద్దల మహాసభకు ఒకే తేదీ సూత్రం పనికిరాదు.

గ్డాన్స్క్ ముందున్న లెక్క

2017లో ఓడిన పోలండ్‌కు 2021లో ఆన్‌లైన్‌లో జరిగిన కాన్ఫరెన్స్ 26వ జాంబోరీని అప్పగించింది. 2027 జులై 30 నుంచి ఆగస్టు 8 వరకు, గ్డాన్స్క్ శివార్లలోని సోబియెషెవో ద్వీపంలో. బాల్టిక్ తీరం కాబట్టి తూర్పు ఆసియా స్థాయి ఉక్క, తుపాను ఉండవు. వాన, గాలి ఉంటాయి. విస్తులా నది ముఖద్వారం పక్కనే కాబట్టి ఇక్కడా నేల పల్లమే, నీళ్లు పోయే దారి ఇక్కడా పెద్ద ప్రశ్నే. నగరం, విమానాశ్రయం, పెద్ద ఆసుపత్రులు దగ్గర్లో ఉండటం సేమాన్‌గుమ్‌కు లేని సౌలభ్యం.

కొరియా నుంచి మధ్యలో వెళ్లిపోయిన కంటింజెంట్లు ఈసారి కాగితం మీది హామీలతో సరిపెట్టుకుంటాయని అనుకోలేం. పిల్లల్ని హోటళ్లకు మార్చినందుకు బ్రిటన్ సంఘం తన నిల్వల నుంచే 10 లక్షల పౌండ్లకు పైగా ఖర్చు పెట్టుకుంది. అలాంటి సంఘాలు నీడ ఎంత, మరుగుదొడ్లు ఎన్ని, వైద్యులు ఎందరు, క్యాంప్ ఆపే అధికారం ఎవరిది అని ముందే రాసిమ్మని అడగడం సహజం. అందువల్ల ఖర్చు, ఫీజు పెరగొచ్చు. ఆ భారం పేద దేశాల పిల్లల సంఖ్య మీద పడకుండా చూడటం ప్రపంచ సంస్థకు ఎండ కంటే చిక్కైన సమస్య కావచ్చు.

రిహార్సల్ విషయంలో మాత్రం పోలండ్‌కూ ఒక లోటుంది. ఇదే ద్వీపంలో 2020లో యూరోపియన్ జాంబోరీ జరగాల్సింది. కోవిడ్ వల్ల ముందు ఏడాది వాయిదా పడి, తర్వాత రద్దయింది. అంతర్జాతీయ క్యాంప్‌తో ఆ నేలను పరీక్షించి చూసే అవకాశం అలా చేజారింది. 2027 లోపు ఆ స్థాయిలో మరో క్యాంప్ అక్కడ జరుగుతుందా లేదా అన్నది, ప్రారంభోత్సవ వేదిక ఎంత ఘనంగా ఉంటుందన్న దాని కంటే ముందు అడగాల్సిన ప్రశ్న.